నీ జ్ఞానస్నానం గురించి, నీ పెళ్ళి గురించి

విశాఖపట్నం

చిన్నీ,

నిన్న ఫోన్‌లో నువ్వు అడిగింది చిన్న విషయం కాదు. పక్కనే పెద్దమ్మ వాళ్ళు కూర్చుని ఉన్నారని "తర్వాత మాట్లాడదాంలే" అన్నాను గానీ, రాత్రి పడుకున్నాక కూడా అదే ఆలోచన. మళ్ళీ ఫోన్ చేస్తే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నేను ఓదార్చడంలో పడిపోతాను, చెప్పాల్సింది మిగిలిపోతుంది. అందుకే రాస్తున్నాను. తొందరపడకుండా చదువు.

నీ భయం ఇదీ: నీకు జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, ఇచ్చిన ఫాదర్ గురుజీవితం వదిలి వెళ్ళిపోయారు. "నాకు చాలా ఏళ్ళుగా విశ్వాసం లేదు, అయినా పూజలు చేస్తూ వచ్చాను" అని ఆయనే ఎవరితోనో అన్నారని విన్నావు. ఆయనకే నమ్మకం లేనప్పుడు నా తల మీద పోసింది ఉత్త నీళ్ళేనా, అలాగైతే జనవరిలో నా పెళ్ళి సంగతేంటి అని అడిగావు.

నీ టెన్షన్ అర్థం లేనిదని నేను అనను. జ్ఞానస్నానం లేనివాళ్ళకు మిగతా దివ్యసంస్కారాలు, అంటే సత్ప్రసాదం, పెళ్ళి లాంటి పవిత్ర కార్యాలు, ఏవీ అందవు. అది చెల్లకపోతే నీ మొదటి దివ్యసత్ప్రసాదం దగ్గర్నుంచి అన్నీ ప్రశ్నలోకి వస్తాయి. అలాంటిది నిజంగా జరిగింది కూడా. అమెరికాలో డెట్రాయిట్ అగ్రపీఠానికి చెందిన ఒక యువ గురువు తన పసితనపు వీడియో చూసుకున్నాడు. అందులో జ్ఞానస్నానం ఇస్తున్న డీకన్, అంటే గురువు కింది మెట్టు సేవకుడు, "నేను నీకు ఇస్తున్నాను" అనాల్సిన చోట "మేము" అన్నాడు. 2020 ఆగస్టులో, అలా మాట మార్చి ఇచ్చింది చెల్లదని రోము ప్రకటించింది. ఆ గురువు మళ్ళీ మొదటి నుంచీ జ్ఞానస్నానం పొంది, భద్రమైన అభ్యంగనం పొంది, గురుపట్టం కూడా పొందాల్సి వచ్చింది. అప్పటివరకూ ఆయన చేసిన పూజలు, విన్న పాపసంకీర్తనలు, జరిపిన పెళ్ళిళ్ళు ఏమిటన్న ప్రశ్న వచ్చింది. ఆ పీఠం వాళ్ళు దాచలేదు, జనానికి చెప్పి, సరిచేయడానికి పూనుకున్నారు. కాబట్టి "ఏం పర్లేదులే, దేవుడు చూసుకుంటాడు" అని నేను తేల్చేయడం లేదు. దేవుడు చూసుకుంటాడన్నది నిజమే. అయినా శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, ఈ విషయంలో లెక్క గట్టిగానే చూస్తుంది. ఆ లెక్క ఏమిటో నీకు చెప్పాలని ఈ ఉత్తరం.

1439లో ఫ్లోరెన్సు మహాసభ అర్మేనియా క్రైస్తవుల కోసం రాసిన పత్రంలో, ఏ దివ్యసంస్కారానికైనా మూడు కావాలని చెప్పింది: దానికి తగిన వస్తువు, దానికి తగిన మాటలు, శ్రీసభ చేసే పనే తానూ చేయాలనే ఉద్దేశంతో దాన్ని ఇచ్చే మనిషి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా అది జరగనట్టే. డెట్రాయిట్‌లో తప్పింది రెండోది. నువ్వు భయపడుతున్నది మూడోదాని గురించి. తర్వాత 1547 మార్చిలో త్రెంతు మహాసభ, ఇచ్చేవాళ్ళకు కనీసం ఆ ఉద్దేశం ఉండి తీరాలని శాసనం చేసింది. దాని వెంటనే ఇంకో శాసనం పెట్టింది: ఇచ్చే మనిషి చావైన పాపంలో ఉన్నా సరే, అవసరమైనవన్నీ పాటిస్తే దివ్యసంస్కారం జరిగినట్టే. ఆ మూడింటిలో ఆయన పవిత్రత లేదు చూడు. ఆయన విశ్వాసమూ లేదు. ఇప్పుడు నీకు కావలసింది సరిగ్గా అదే.

విశ్వాసం లేకుండా ఉద్దేశం ఎలా ఉంటుందని అడుగుతావు. మీ అన్నయ్య సంగతి చెబుతాను. ఇది నీకు సగమే తెలుసు.

వాడు ఎనిమిదో నెలలోనే పుట్టేశాడు. ఒళ్ళంతా నీలంగా ఉంది, ఏడవలేదు. డాక్టరమ్మ నాతో ఏమీ అనలేదు గానీ ఆమె మొహం చూస్తే తెలిసిపోయింది. మీ నాన్న ఫాదర్‌గారిని తీసుకురావడానికి స్కూటర్ మీద పరుగెత్తారు. నాకు ఆపరేషన్ అయింది, లేవలేను, చెయ్యి కూడా సరిగా కదలదు. పిల్లాణ్ణి ఇంకో గదికి తీసుకెళ్ళబోతున్న నర్సును పిలిచాను. శ్రీకాకుళం వైపు అమ్మాయి, నుదుట బొట్టు, చేతికి అమ్మవారి ఎర్రదారం. "అమ్మా, వీడికి నువ్వు జ్ఞానస్నానం ఇవ్వగలవా" అన్నాను. ఆమె బిత్తరపోయింది. "నాకు మీ దేవుడి గురించి ఏమీ తెలీదమ్మా. నేను చేస్తే పనికొస్తుందా" అంది. "మా గుడిలో పసిబిడ్డకు ఏం చేస్తారో అదే నువ్వు వీడికి చేస్తున్నానని అనుకో. తల మీద నీళ్ళు పొయ్యి. పోస్తూ, నేను చెప్పే మాటలు నీ నోటితో పలుకు. అంతే చాలు" అన్నాను. ఆమె చేతులు కడుక్కుంది. చిన్న గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు తెచ్చింది. నేను ముక్క ముక్కగా చెబుతుంటే, వాడి పేరు పెట్టి, "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను" అని పలుకుతూ వాడి తల మీద మూడుసార్లు నీళ్ళు పోసింది. తడిగుడ్డతో తుడిచి ఊరుకోలేదు, నీళ్ళు పారేలా పోసింది. ఆ తర్వాత పరుగున తీసుకుపోయింది.

దేవుడి దయవల్ల వాడు బతికాడు. కొన్ని వారాల తర్వాత గుడికి తీసుకెళ్తే అప్పటి మన విచారణ (పారిష్) గురువు నన్ను కూర్చోబెట్టి అడిగారు: నీళ్ళు పోసిందెవరు, మాటలు పలికిందెవరు, ఇద్దరూ ఒకరేనా, ఏ మాటలు, నీళ్ళు తల మీద పారాయా. అన్నీ చెప్పాను. ఆమె హిందువని కూడా చెప్పాను. ఆయన తలూపి రాసుకున్నారు. ఆ రోజు మీ అన్నయ్యకు మళ్ళీ నీళ్ళు పోయలేదు. పరిమళ తైలం పూశారు, తెల్లబట్ట వేశారు, కొవ్వొత్తి ఇచ్చారు. "జ్ఞానస్నానం అయిపోయింది, అది రెండోసారి ఇచ్చేది కాదు" అన్నారు. అవసరం వచ్చినప్పుడు జ్ఞానస్నానం లేని మనిషి కూడా, సరైన ఉద్దేశం ఉంటే, జ్ఞానస్నానం ఇవ్వవచ్చని శ్రీసభ సత్యోపదేశంలోనే రాసి ఉంది. ఆ నర్సుకు త్రిత్వం గురించి తెలియదు. జన్మపాపం గురించి వినలేదు. ఒక తల్లి అడిగిన పనిని, ఆ తల్లి గుడిలో చేసే పనిగా చెయ్యాలనుకుంది. ఆమె దగ్గర ఉన్నదల్లా అదే. అది సరిపోయింది.

ఇప్పుడు నీకు నీళ్ళు పోసిన ఆయన సంగతి ఆలోచించు. మేము అడిగిన తేదీకి వచ్చారు. తెల్ల అంగీ వేసుకున్నారు. నన్నూ మీ నాన్ననూ, జ్ఞానతల్లినీ జ్ఞానతండ్రినీ అడగాల్సిన ప్రశ్నలన్నీ అడిగారు. నీ తల మీద నీళ్ళు పోశారు. ఆ మాటలు నా చెవులతో విన్నాను, ఒక్క అక్షరం మారలేదు. తర్వాత ఆఫీసులో పుస్తకం తెరిచి నీ పేరు రాసి సంతకం పెట్టారు. ఇదంతా చేసిన మనిషి ఏం చెయ్యాలనుకున్నట్టు? ఒక బిడ్డకు జ్ఞానస్నానం ఇవ్వాలనే కదా. ఆయన అన్నారని నువ్వు విన్న మాటే మళ్ళీ చూడు. "విశ్వాసం లేదు, అయినా పూజలు చేస్తూ వచ్చాను" అన్నారు. అంటే లోపల ఎంత ఎండిపోయినా తాను చేస్తున్నది శ్రీసభ పనేనని ఆయనకు తెలుసు, దాన్నే చేశారు. నీకు భయం పుట్టించిన ఆ మాటే ఆయన ఉద్దేశానికి సాక్ష్యం.

ఈ ప్రశ్న నీతో మొదలైంది కాదు. 303లో రోమా చక్రవర్తి దియోక్లెతియాను క్రైస్తవులను హింసించినప్పుడు ఉత్తర ఆఫ్రికాలో కొందరు గురువులు, పీఠాధిపతులు (బిషప్పులు) ప్రాణభయంతో పవిత్ర గ్రంథాలను అధికారుల చేతికి అప్పగించారు. హింస ఆగాక, అలా అప్పగించినవాళ్ళ చేతి మీదుగా జరిగిన అభిషేకాలు చెల్లుతాయా అన్న గొడవ లేచింది. 311లో కార్తేజుకు కొత్త పీఠాధిపతిని అభిషేకించిన వారిలో ఒకరి మీద ఇదే నిందను మోపారు. దొనాతు అనే పీఠాధిపతి అనుచరులు విడిపోయి, మా గురువులే శుద్ధులు, మేమిచ్చే జ్ఞానస్నానమే నిజం అన్నారు. ఆ చీలిక వందేళ్ళకు పైగా నడిచింది. పునీత అగుస్తీనువారు ఎన్నో ఏళ్ళు దానికి జవాబు చెబుతూ వచ్చారు. ఆయన చెప్పిందాని సారం ఇది: పేతురు జ్ఞానస్నానమిచ్చినా ఇచ్చేది క్రీస్తే, పౌలు ఇచ్చినా క్రీస్తే, యూదా ఇచ్చినా క్రీస్తే. ముప్పై వెండి నాణేలకు ప్రభువును అమ్ముకున్న చేయి అడ్డుపెట్టినా ప్రభువు చేయి ఆగదని ఒక మహా పునీతుడు అన్నాడంటే, మనలాంటి మామూలు విశ్వాసులకు అంతకన్నా ఏం కావాలి?

అగుస్తీనువారు అలా గట్టిగా నిలబడకపోయి ఉంటే మనకు ఏం మిగిలేది? 1846లో పునీత ఫ్రాన్సిస్ దె సాల్ సభ గురువులు ఐరోపాలోని సవాయ్ నుంచి ఈ ఊరికి వచ్చారు. అప్పటినుంచి ఈ తీరంలో ఎన్ని చేతులు ఎన్ని తలల మీద నీళ్ళు పోశాయో. పాతపట్నంలో, జ్ఞానాపురంలో, కొండల్లోని ఊళ్ళలో ఉపదేశులు, గురువులు, కన్యాస్త్రీలు, పురుళ్ళు పోసే ముసలమ్మలు. ఆ ఒక్కొక్కరి గుండె ఏ రోజు ఎంత శుద్ధంగా ఉందో తేలితే తప్ప మన జ్ఞానస్నానం నిలవదంటే ఈ విచారణలో ఒక్క మనిషి కూడా నిశ్చింతగా నిద్రపోలేడు. ప్రభువు మనల్ని అలాంటి అనుమానంలో వదిలిపెట్టలేదు.

ఇంకో సందేహం కూడా నీకు వచ్చే ఉంటుంది. ఆ పూట ఆయన మనసు ఎక్కడో ఉంటేనో? దానికి పునీత తోమాసు అక్వినాసువారు ఎప్పుడో జవాబు రాసి పెట్టారు. మనసు లగ్నం కావడం వేరు, ఉద్దేశం వేరు. డిసెంబరు 8న రాస్ హిల్ మీద మరియమ్మ పండుగకని ఇంట్లోంచి బయలుదేరతాం. కొండ ఎక్కుతూ పొయ్యి కట్టానా లేదా, బియ్యం నిండుకున్నాయి, చెప్పు తెగేలా ఉంది అని సవాలక్ష ఆలోచిస్తాం. అయినా కాళ్ళు వెళ్ళేది కొండ మీదికే, ఎందుకంటే బయలుదేరింది దానికోసమే. గురువు బలిపీఠం దగ్గరికి దేనికోసం వచ్చాడో ఆ ఉద్దేశం, మధ్యలో మనసు దారి తప్పినా పనిని నడిపిస్తూనే ఉంటుంది. మనసు లగ్నం చేయకపోతే ఆయనకు దోషమే. నీకు రావలసింది మాత్రం ఆగదు.

అయితే ఉద్దేశం అనేది పేరుకు మాత్రమే పెట్టిన నియమం కాదు. గురువిద్యాలయంలో గురుపట్టానికి ముందు పూజ చేయడం నేర్చుకునే అబ్బాయిలకు వాళ్ళ ఆచార్యుడైన గురువు అప్పమూ ద్రాక్షారసమూ పట్టుకుని, మాటలన్నీ పలికి చూపిస్తారు. అక్కడ అవి క్రీస్తు శరీర రక్తాలుగా మారవు, ఎందుకంటే ఆయన నేర్పుతున్నారు, పూజ చేయడం లేదు. నాటకంలో పాత్రధారి పోసే నీళ్ళూ అంతే. జ్ఞానోపదేశం క్లాసులో నేను చెప్పే పునీత అతనాసియువారి చిన్ననాటి కథ గుర్తుందా? అలెగ్జాండ్రియా సముద్రపు ఒడ్డున పిల్లలు ఆడుకుంటుంటే, పిల్లవాడైన అతనాసియు తానే పీఠాధిపతినని తోటివాళ్ళకు జ్ఞానస్నానం ఇచ్చాడట. మేడమీద నుంచి చూసిన పీఠాధిపతి వాళ్ళను పిలిపించి, ఏం అడిగావు, ఏం పలికావు, వీళ్ళేం జవాబిచ్చారు అని ఒక్కొక్కటే విచారించి, ఇది శ్రీసభ పద్ధతిలోనే జరిగింది, మళ్ళీ ఇవ్వనక్కర్లేదని తేల్చాడట. అతనాసియువారి వయసు లెక్క కుదరదని చరిత్రకారులు ఆ కథను నమ్మరు. కానీ పాతకాలం వాళ్ళు ఈ ప్రశ్నను ఎంత గంభీరంగా తీసుకున్నారో అందులో కనిపిస్తుంది. ఆ పీఠాధిపతి ఆటేలే అని తోసెయ్యలేదు, పిల్లల మాటలేలే అని వదిలెయ్యలేదు.

ఇక చివరి భయం, నువ్వు అడగలేదు గానీ అడుగుతావని తెలుసు. పైకి అన్నీ చేస్తూ, లోపల "నేను జ్ఞానస్నానం ఇవ్వడం లేదు" అని ఎవరైనా పంతం పట్టుకుంటే? నిజం దాచను. అలాంటిది కూడా చెల్లుతుందన్న వాదాన్ని 1690లో ఎనిమిదో అలెగ్జాండర్ పోపుగారు ఖండించారు. అంటే లోపలి నిరాకరణ నిజంగా ఉంటే అది పెద్ద విషయమే. కానీ 1896లో పదమూడో లియో పోపుగారు, ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘం) గురుపట్టాల గురించి తీర్పు రాస్తూ, మనిషి లోపలిది శ్రీసభ తీర్పుకు అందదని, బయటికి కనిపించినంత వరకే తీర్పు చెబుతుందని అన్నారు. సరైన వస్తువును, సరైన మాటలను గంభీరంగా వాడినవాడు శ్రీసభ చేసేదే చేయాలనుకున్నాడని ఎంచుతారు. నీకు జ్ఞానస్నానం ఇచ్చిన ఆయన విశ్వాసం పోగొట్టుకోవడం ఒక బాధ. ఒక పసిబిడ్డను మోసం చెయ్యాలని జ్ఞానస్నానపు తొట్టి దగ్గర నిలబడడం పూర్తిగా వేరే సంగతి. అలాంటి దుర్మార్గం ఆయన చేశారనడానికి నీ దగ్గరా నా దగ్గరా ఏ ఆధారమూ లేదు. ఆధారం లేని నింద మనం ఎవరి మీదా వేయకూడదు.

నీకు ఆయన మీద కోపం ఉంది. ఉండనీ. నాకైతే ఎక్కువగా దిగులే. ఏళ్ళ తరబడి నమ్మకం లేకుండా రోజూ బలిపీఠం ఎక్కిన మనిషి ఎంత ఒంటరిగా ఉండి ఉంటాడు? మనమెవ్వరం గమనించలేదు. ఆయన చేతుల నుంచి మనకు అన్నీ అందాయి, ఆయనకు మాత్రం ఏమీ దక్కలేదేమో. దివ్యసంస్కారం చెల్లడం ఒకటి, అది మనలో ఫలించడం ఇంకొకటి. ఫలం మన మనసు సిద్ధంగా ఉండడాన్ని బట్టి కూడా ఉంటుంది. నీకు అందిన జ్ఞానస్నానం నిజమైనది. దాన్ని పట్టుకుని బతకడం నీ వంతు. ఆయన కోసం రోజూ ఒక మంగళవార్త జపం చెప్పు. నేనూ చెబుతున్నాను.

ఇప్పుడు పెళ్ళి సంగతికి వస్తాను. అసలు నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది దీని గురించే.

నువ్వు చేసుకోబోయే అబ్బాయి బాప్టిస్టు సంఘం వాడని మన చుట్టాల్లో గుసగుసలున్నాయి. "వాళ్ళ పాస్టర్లు ఇచ్చేది మనకు లెక్కేనా" అని పెద్దమ్మ కూడా అడిగింది. నీకు అండగా నిలబడిన నియమమే అతనికీ నిలబడుతుంది. బాప్తిస్మం ఆత్మలో ఏ మార్పూ తేదు, అది విశ్వాసానికి గుర్తు మాత్రమేనని వాళ్ళ సంఘం బోధిస్తుంది. అది మన బోధ కాదు. కానీ 1872లో ఓషియానియా దీవుల నుంచి ఇలాంటి ప్రశ్నే రోముకు వెళ్ళింది. అక్కడి మెథడిస్టు బోధకులు బాప్తిస్మానికి ఆత్మ మీద ఏ ప్రభావమూ లేదని జనం ముందే చెప్పి మరీ ఇచ్చేవారు. ఆ పొరపాటు నమ్మకం వల్ల శ్రీసభ చేసేది చేయాలన్న ఉద్దేశం పోదని రోము జవాబిచ్చింది. ఇచ్చేవాడి సిద్ధాంతం తప్పు కావచ్చు, క్రీస్తు నియమించింది చేయాలన్న కోరిక ఉంటే చాలు. కాబట్టి అతనికి నీళ్ళతో, పిత పుత్ర పవిత్రాత్మ నామాన బాప్తిస్మం జరిగి ఉంటే అది జ్ఞానస్నానమే. అతని వాళ్ళు నీ పసితనపు జ్ఞానస్నానాన్ని ఒప్పుకోకపోవచ్చు. దాని గురించి వాళ్ళతో వాదనకు దిగకు, మర్యాదగా విని ఊరుకో.

మీరిద్దరూ జ్ఞానస్నానం పొందినవాళ్ళైతే మీ పెళ్ళి దివ్యసంస్కారం. మన లతీను రీతిలో దాన్ని ఇచ్చేది ఫాదర్‌గారు కాదు. ఆయన శ్రీసభ తరఫున మీ సమ్మతిని అడిగి స్వీకరిస్తారు. ఆయనా, ఇద్దరు సాక్షులూ లేకుండా అది జరగదు. కానీ ఆ దివ్యసంస్కారాన్ని నీకు ఇచ్చేది ఆ అబ్బాయి, అతనికి ఇచ్చేది నువ్వు. పెళ్ళిని దివ్యసంస్కారమని అతని సంఘం అనదు. అయినా నిజమైన పెళ్ళి చేసుకోవాలన్న మనసు ఉంటే చాలు, మీ ఇద్దరి మధ్య జరిగేది దివ్యసంస్కారమే.

ఇన్నాళ్ళూ ఎవరో గురువు ఉద్దేశం గురించి భయపడ్డావు. ఆయన మనసులోకి నువ్వు చూడలేవు. జనవరిలో నిలవాల్సినది నీ ఉద్దేశం. దాన్ని చూడగలిగేది నువ్వొక్కదానివే. అందుకే ఈ నెలలు నాకు చీరల కన్నా, మండపం కన్నా ముఖ్యం.

శ్రీసభ చట్టంలో 1101వ నిబంధన చదవమని ఫాదర్‌గారు మీకు చెబుతారు. నోటితో పలికిన మాటే మనసులోనూ ఉందని శ్రీసభ ఎంచుతుంది. కానీ ఇద్దరిలో ఒకరు గట్టి నిర్ణయంతో పెళ్ళినే కాదనుకుంటే, లేదా పెళ్ళికి ప్రాణమైన ఏ ఒక్కదాన్నైనా మనసులో తోసిపుచ్చితే, ఎంతమంది ఎదుట ఉంగరాలు మార్చుకున్నా అది పెళ్ళి కాదు. "కుదిరితే ఉందాం, లేకపోతే ఎవరి దారి వారిది" అన్న నిర్ణయం అలాంటిదే. ఈ మనిషితో పాటు ఇంకొకరికీ చోటు ఉంచుకోవడం అలాంటిదే. పిల్లలు వద్దే వద్దు అని ఒట్టు పెట్టుకోవడమూ అలాంటిదే. బలవంతం మీదో, పెద్ద భయం వల్లో ఒప్పుకున్నా చెల్లదు. నా వల్ల గానీ నాన్న వల్ల గానీ ఇసుమంత ఒత్తిడి ఉందని నీకు అనిపిస్తే ఇప్పుడే చెప్పు. శుభలేఖలు అచ్చయ్యాక చెప్పినా సరే, మండపంలోకి నడిచే ముందు చెప్పినా సరే. చుట్టాల మాటలు నేను పడతాను.

వణుకు పుట్టడం, గొంతు ఎండిపోవడం, ఫొటోల వాళ్ళ హడావిడిలో ఏం పలికావో గుర్తులేకపోవడం, ముందు రాత్రి "నేను సరైన పని చేస్తున్నానా" అనిపించడం, ఇవేవీ ఉద్దేశాన్ని చెరపవు. పైన కొండ గురించి చెప్పింది ఇక్కడా అంతే. నువ్వు అతన్ని భర్తగా తీసుకోవాలని, విడిపోకుండా ఉండాలని, దేవుడిచ్చే పిల్లల్ని స్వీకరించాలని నిర్ణయించుకుని వచ్చి ఉంటే, ఆ క్షణంలో నీ బుర్ర ఖాళీగా ఉన్నా నువ్వు ఇచ్చినది నిజం.

మిశ్రమ వివాహం కాబట్టి పీఠాధిపతి అనుమతి కావాలి. అందుకు నువ్వు ఒక మాట ఇవ్వాలి: నీ విశ్వాసం వదలనని, పిల్లలకు కతోలిక జ్ఞానస్నానం ఇప్పించి అలాగే పెంచడానికి నీ శక్తికొద్దీ ప్రయత్నిస్తానని. అతన్ని అలాంటి మాట అడగరు, కానీ నువ్వు ఇస్తున్నావని అతనికి తెలియాలి. ఇది అతనితో ఇంకా మాట్లాడలేదని అనుకుంటున్నాను. వాయిదా వెయ్యకు. సంతకం పెట్టే ముందు రోజు చెప్పే విషయం కాదు ఇది. అతనికి కష్టంగా ఉంటే ఆ కష్టం ఏమిటో విను, తొందరగా సర్దిచెప్పకు. ఫాదర్‌గారు మీ ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు. కొందరు దాన్ని ఫారం నింపడమనుకుని గబగబా అవును, కాదు అనేసి వస్తారు. నువ్వు అలా చేయకు. ఏ ప్రశ్న దగ్గరైనా నీ మనసు ఆగితే అక్కడే ఆగి ఆయనతో చెప్పు.

ఆదివారం పూజ అయ్యాక ఆఫీసుకు వెళ్ళి నీ జ్ఞానస్నాన పత్రం కొత్తగా తీయిస్తాను, పెళ్ళికి పాతది తీసుకోరు. అతని పత్రం వాళ్ళ పాస్టర్‌గారి దగ్గర అడిగి తెచ్చుకోమను. నీళ్ళలో ముంచారని, ఏ నామాన ముంచారని స్పష్టంగా రాయించమను. ఈ మధ్య కొన్ని సంఘాల్లో యేసు నామం ఒక్కటే పలికి ఇస్తున్నారు, దాన్ని శ్రీసభ తీసుకోదు. అందుకే ముందే చూసుకోవాలి. అందులో ఏదైనా తేడా కనిపిస్తే కంగారు పడొద్దు, అతన్ని నొప్పించేలా మాట్లాడొద్దు. కాగితం ఫొటో తీసి నాకు పంపు, నేను ఫాదర్‌గారికి చూపించి ఏం చెయ్యాలో అడుగుతాను.

పిల్లల సంగతి అతనితో మాట్లాడిన రోజు నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే.

మీ అమ్మ